పావు మాత్ర

కళ్లజోళ్ల షాపులో పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్న ఆవిడను ఆ వీధిలో అందరూ అద్దాలావిడ అంటారు. ఓనరు కౌంటరు దగ్గర కూర్చుంటాడు గానీ, జనం వచ్చేది ఆవిడ చేతి కోసం. కనుపాపల మధ్య దూరం కొలిచిందంటే అర మిల్లీమీటరు తేడా రాదు. ఫ్రేము కాడలను వేడిగాలి మిషను ముందు పట్టుకుని, చెవి వెనక ఎంత వంపు కావాలో వేళ్లతోనే పసిగడుతుంది. ముక్కు మీద మచ్చ పడుతోందని వచ్చినవాళ్లు, చెవి ఒరుసుకుపోతోందని వచ్చినవాళ్లు, జోడు మీద తామే కూర్చుని భార్య మీద నెపం పెట్టేవాళ్లు, అందరూ ఆవిడ ముందున్న ఎత్తు కుర్చీ ఎక్కాల్సిందే. నోరు మాత్రం మెత్తనిది కాదు. "ఫ్రేము బాగానే ఉందండీ, మీ ముక్కే వంకర" అని మొహం మీదే చెప్పేస్తుంది.

ఒక మధ్యాహ్నం ఆ కుర్చీలో రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన కూర్చున్నాడు. శుక్లాలు తీయించుకుని కొత్త జోడు కోసం వచ్చాడు. ఆవిడ జోడు పెట్టి చూసింది. ఎడమ కాడ కాస్త వదులుగా ఉంది. కింది సొరుగులోంచి చిన్న స్క్రూడ్రైవరు తీయడానికి వంగింది. మూడేళ్లుగా మసక తప్ప ఎరుగని ఆ కళ్లకు మొట్టమొదట స్పష్టంగా కనిపించింది ఆవిడ నడినెత్తి.

"అక్కడ కాలిందామ్మా?" అన్నాడాయన, నిజమైన జాలితోనే.

"ఎక్కడండీ?"

"నెత్తి మీద. చర్మం కనబడుతోంది."

షాపులో మరో నలుగురున్నారు. ఓనరు తల పక్కకి తిప్పుకున్నాడు. ఆవిడ స్క్రూ బిగించింది, అద్దాలు గుడ్డతో తుడిచింది, "ఇప్పుడు సరిగ్గా కనబడుతోందన్నమాట" అని జోడు ఆయన మొహానికి తగిలించింది. 

జుట్టు ఊడడం కొత్తేమీ కాదు. మూడేళ్లుగా దువ్వెనకీ దిండుకీ స్నానాలగదిలో నీళ్లుపోయే జాలీకీ సమానంగా పంచిపెడుతూనే ఉంది. పాపిట ముందు గీతలా ఉండేది, తర్వాత వేలంత అయింది, ఆపైన పాపిట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో చెప్పడం కష్టమైంది. నెత్తికి రాసే నీళ్లమందు వాడి చూసింది. ఉన్న నాలుగు వెంట్రుకలూ జిగురు పూసినట్టు అతుక్కునేవి, మాడు దురదెత్తేది, కుర్చీలో మనిషిని కూర్చోబెట్టుకుని తల గోక్కోలేక నరకం పడేది. ఆర్నెల్లకి విసిగి మానేసింది. పైగా ఆ షాపులో ఏ గోడ చూసినా అద్దమే. వచ్చినవాళ్లు తమ మొహాలు చూసుకునేవారు. ఆవిడకి మాత్రం ముందూ వెనకా పక్కలా తన తలే కనిపించేది.

అది చాలదన్నట్టు ఇంటికి వెళితే పైవాటాలో అక్క ఉంది.

ఇల్లు తల్లి కట్టించింది. పైవాటా పెద్దకూతురికి, కిందివాటా చిన్నకూతురికి రాసి, మెట్లు మాత్రం ఉమ్మడిగా వదిలేసింది. అక్క పెద్దాసుపత్రిలో గుండె వార్డుకి హెడ్ నర్సు. తల్లి చివరి రెండేళ్లూ గుండె జబ్బుతో తీసుకుని, నాలుగేళ్ల కిందట పైవాటాలోనే పోయింది. ఆ సమయానికి అద్దాలావిడ షాపులో ఎవరి ముక్కుకో ఫ్రేము సరిచేస్తోంది. పలకరించడానికి వచ్చిన చుట్టాలందరి ముందూ అక్క అంది: "అది చుట్టపుచూపుకి వచ్చేది. చేసిందంతా నేనే."

ఆ మాట సగం నిజం, అందుకే మరీ మండింది. మొదట్లో రోజూ షాపు నుంచి రాగానే మెట్లెక్కి వెళ్లేది. తలుపు దగ్గరే అక్క అడ్డం నిలబడి "ఇప్పుడే కళ్లు మూసింది, లేపకు" అనేది. పదిసార్లు విన్నాక పదకొండోసారి వెళ్లలేదు. వెళ్లడం మానేసిందని అక్క అంటుంది. రానివ్వలేదని ఈవిడ అంటుంది. అప్పట్నుంచి ఇద్దరి మధ్యా ఉప్పూ నిప్పూ. అక్క పిండకుండా ఆరేసిన బట్టల నీళ్లు కింద ఈవిడ ఎండబెట్టిన వాటి మీద కారేవి. మెట్ల మీది బల్బు కాలిపోతే ఎవరూ మార్చలేదు. నెలల తరబడి ఇద్దరూ గోడ తడుముకుంటూ ఎక్కారు, దిగారు.

అన్నిటికన్నా ఈవిడ కళ్లలో పడేది అక్క జడ. తల్లి జుట్టు యాభై రెండేళ్లొచ్చినా అలాగే నిలబడింది అక్క నెత్తిన, మణికట్టంత లావున. సెలవురోజు అక్క తలంటుకుని జుట్టు విప్పి పిట్టగోడ దగ్గర నిలబడితే, కింద వాకిట్లో ఈవిడకి ఒళ్లంతా కారం రాసినట్టుండేది. ఒక్కోసారి పైనుంచి ఒక పొడుగాటి వెంట్రుక గాలికి తేలుతూ వచ్చి ఈవిడ ఆరేసిన దుప్పటి మీద వాలేది. దాన్ని రెండు వేళ్లతో తీసి, చెత్తబుట్ట దాకా మోసుకెళ్లి పడేసేది.

మాస్టారు అన్న మాట మర్నాటికీ చెవిలోంచి పోలేదు. ఆవిడ సెలవు పెట్టి చర్మం డాక్టరు దగ్గరికి వెళ్లింది.

ఆ డాక్టరు ముప్పై దాటని అమ్మాయి. ముందు ఒక ఫారం ఇచ్చి నింపమన్నారు. బీపీ, షుగరు, థైరాయిడ్, అన్నిటికీ లేదని రాసుకుంటూ పోయింది. 'ఇంట్లో ఎవరికైనా గుండె జబ్బు ఉందా?' అన్న చోట పెన్ను ఆగింది. ఉందని రాస్తే ఏ జబ్బని అడుగుతారు. ఏ జబ్బో ఈవిడకి తెలియదు. తెలుసుకోవాలంటే మెట్లెక్కి అక్కని అడగాలి. 'లేదు' అన్న గడిలో టిక్కు పెట్టి ఫారం ఇచ్చేసింది.

డాక్టరమ్మ లెన్సు పెట్టి మాడంతా చూసి, నీళ్లమందు పడలేదని విని, మాత్ర సంగతి ఎత్తింది.

"ఇది అసలు బీపీ కోసం వచ్చిన మందమ్మా. పెద్ద మోతాదులో వాడినవాళ్లకి ఒళ్లంతా వెంట్రుకలు రావడం చూసి, ఇప్పుడు చాలా చిన్న మోతాదులో జుట్టుకి ఇస్తున్నాం. రక్తనాళాలని వదులు చేస్తుంది, ఒంట్లో నీరు పట్టి ఉంచుతుంది. అందుకని కొందరికి గుండెదడ, కాళ్లవాపు, లేచి నిలబడితే కళ్లు తిరగడం ఉంటాయి."

"ఎంతమందికి?"

"వందమందిలో ఒకరికో ఇద్దరికో. మొహం మీద నూగు మాత్రం ఇంకా చాలామందికే వస్తుంది. గుండె చుట్టూ నీరు చేరడం అనేది చాలా అరుదు. అసలు రాదని మాత్రం చెప్పను. గుండె జబ్బున్నవాళ్లకి ఇవ్వను. మీకు లేదుగా?"

"లేదు."

"ఇంట్లో?"

"రాశానుగా."

డాక్టరమ్మ మాత్రలో నాలుగో వంతు, రోజుకొకటి అని రాసింది. "వారానికోసారి బరువు చూసుకోండి. ఒక్కసారిగా రెండు కిలోలు పెరిగినా, చీలమండలు వాచినా ఆపేసి నా దగ్గరికి రండి. మీ అంతట మీరు మోతాదు పెంచకండి."

బస్సులో ఇంటికొస్తూ ఆవిడ లెక్క వేసుకుంది. షాపుకి రోజుకి నలభైమంది వస్తారు. అంటే రెండున్నర రోజులకి వందమంది. ఆ వందమందిని ఎత్తు కుర్చీలో ఒకరి తర్వాత ఒకరిని కూర్చోబెడితే, అందులో ఇద్దరు లేచి వెళ్లేటప్పుడు కాళ్లు వాచి ఉంటాయి. మిగతా తొంభై ఎనిమిదిమంది జుట్టుతో వెళతారు. ఆ ఇద్దరిలో తనెందుకుంటుంది? అలా చూస్తే బస్సెక్కడం కన్నా ప్రమాదమేమీ కాదనిపించింది. ఫారంలో పెట్టిన టిక్కుని ఆ లెక్కలో కలపలేదు.

మాత్రని బ్లేడుతో నాలుగు ముక్కలు చేసేది. పొడి కూడా రాలనిచ్చేది కాదు. మొదటి రెండు నెలలూ జుట్టు ఇంకా దారుణంగా ఊడింది. అలాగే ఊడుతుంది, పాతది పోయి కొత్తది వస్తుంది అని డాక్టరమ్మ ముందే చెప్పినా, జాలీలో చుట్టలు చుట్టుకున్న వెంట్రుకలు చూసి ఇంట్లో మొగుణ్ణి తిట్టిపోసింది. ఆయన ప్రెస్సులో కాగితాలు కోసే మిషను మీద పనిచేస్తాడు. భార్య కోపం వచ్చి పోయే వాన లాంటిదని, తడవకుండా పక్కకి నిలబడితే చాలని ఇరవై ఏళ్ల కిందటే తెలుసుకున్నాడు.

మూడో నెలలో ఊడడం ఆగింది. నాలుగో నెలలో పాపిటకి రెండు వైపులా పొట్టి వెంట్రుకలు నిటారుగా లేచాయి, గడ్డి మొలిచినట్టు. ఆవిడ షాపులో రెండు అద్దాలు ఎదురెదురుగా పట్టుకుని వాటిని లెక్కపెట్టింది. చెవి పక్కన, బుగ్గల మీద కూడా సన్నటి నూగు వచ్చింది. పార్లర్‌కి వెళ్లి తీయించుకుంది, మళ్లీ వచ్చింది, మళ్లీ తీయించుకుంది. కుర్చీలో కూర్చున్నవాళ్లతో "మీ ముక్కుకి ఈ రంగు బాగుంటుంది" అని చెప్పడం మొదలుపెట్టింది. ఓనరు ఆశ్చర్యపోయాడు.

ఐదో నెలలో ఒక పొద్దున అక్క డ్యూటీకి దిగుతూ మెట్ల మీద ఎదురైంది. పక్కకి తప్పుకుని పోవడం ఇద్దరికీ అలవాటే. ఆ రోజు అక్క ఆగింది. నర్సు చూపు ఒకటుంటుంది, పలకరింపు లేకుండా మనిషిని తల నుంచి కాళ్ల దాకా చదివేస్తుంది.

"బుగ్గల మీద అదేంటి?"

"ఏది?"

"నూగు. చెవి దగ్గర్నుంచి దవడ దాకా ఉంది. నెత్తి మీద కొత్త జుట్టు. ఆ బీపీ మాత్ర మింగుతున్నావా?"

"నీకెందుకు?"

"మా వార్డులో ఇచ్చేవాళ్లం. ఎవరు రాశారు నీకు?"

"డాక్టరు రాశారు. నర్సు పర్మిషన్ కావాలని చెప్పలేదు."

అక్క మెట్టు దిగి ఎదురుగా వచ్చింది. "అమ్మకేమైందో గుర్తుందా అసలు? కాళ్లు రోకళ్లలా వాచి, వెన్ను వాలిస్తే ఊపిరాడక, చివరికి కుర్చీలో కూర్చునే నిద్రపోయింది. నీదీ అదే రక్తం. ఈ మాత్రతో నీకూ అదే గతి పడుతుంది. ఇంకా త్వరగా పడుతుంది."

"అమ్మ జుట్టేమో నీకొచ్చింది. జబ్బు నాకొస్తుందా? పంపకం బాగా చేశావు."

"జుట్టు కోసం చస్తావా?"

"నీకుంది కాబట్టి అంత తేలిగ్గా అడుగుతున్నావు."

"డాక్టరుకి అమ్మ సంగతి చెప్పావా?"

అద్దాలావిడ బ్యాగు భుజానికి తగిలించుకుంది.

"చెప్పలేదన్నమాట" అంది అక్క. ఆ గొంతులో ఎక్కడో కొంచెం సంతోషం వినిపించింది చెల్లెలికి.

వారం తిరక్కుండా షాపుకి ఫోనొచ్చింది. చర్మం డాక్టరమ్మ. "మీ అక్కగారు మీ వీధి మందుల షాపులో అడిగి నా దగ్గరికి వచ్చారు. మీ అమ్మగారు గుండె జబ్బుతో పోయారట. ఫారంలో లేదని రాశారు మీరు. గుండె స్కాన్ చేయించుకుని, ఆ రిపోర్టు తెస్తే తప్ప నేనింక మాత్ర రాయలేను. అప్పటిదాకా ఆపేయండి."

ఆవిడకి తల కొట్టేసినట్టయింది. చేతిలో ఎవరిదో జోడుంది. దాన్ని జాగ్రత్తగా ట్రేలో పెట్టింది. సాయంత్రం వాకిట్లో నిలబడి పైకి చూసి, వీధి వీధంతా వినేలా అడిగింది: "నా డాక్టరు దగ్గరికి నువ్వెవరు వెళ్లడానికి?"

పైన తలుపు తెరుచుకోలేదు. కిటికీ రెక్క మాత్రం మూసుకుంది.

"వదినగారు నీ మంచికే..." అని మొగుడు మొదలుపెట్టాడు.

"ఏంటి నా మంచి? చెప్పండి. ఆవిడకి నా మీద అంత ప్రేమ ఎప్పట్నుంచో చెప్పండి."

ఆయన పక్కకి తప్పుకున్నాడు.

స్కాన్ చేయించుకుని ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. ఆవిడ చేయించుకోలేదు. అక్క చెప్పింది కాబట్టి చేయించుకోలేదు. ఊరికి అవతల ఒక మందుల షాపువాడు చీటీ లేకుండానే మాత్రలిచ్చాడు. అవి పెద్దవి, డాక్టరమ్మ రాసిన దానికి రెట్టింపు బలం. అందులో సగం వేసుకోవడం మొదలుపెట్టింది. అంటే ముందు వేసుకున్న పావుకి నాలుగింతలు. ఆ సంగతి ఆవిడకి బాగా తెలుసు. కొలతలు తెలియని మనిషి కాదు. మెట్ల మీద నిండు జడతో అక్కకి ఎదురుపడాలన్న పంతం ఒకటి పట్టుకుంది, అంతే.

మూడు వారాలకి మేజోళ్ల అంచు చీలమండ చుట్టూ గాడి చేసింది. పద్దెనిమిదేళ్లుగా నిలబడే ఉద్యోగం, వాపు మామూలే అనుకుంది. తర్వాత ఉంగరం రాలేదు. సబ్బు రాసినా రాలేదు. బరువు మిషను ఎక్కితే పన్నెండు రోజుల్లో మూడు కిలోలు పెరిగింది. ఆ అంకె ఎవరికీ చెప్పలేదు, తనకి తాను కూడా రెండోసారి చెప్పుకోలేదు. ఒక రోజు షాపులో కూర్చునే ఉంది, మెట్లెక్కలేదు, పరిగెత్తలేదు, గుండె మాత్రం దబదబమని కొట్టుకుంది. నువ్వుగింజంత స్క్రూ వేలి మీంచి జారి కిందపడింది. అది దొరికింది గానీ కాడలో పెడుతుంటే మళ్లీ జారింది. మూడోసారి కుర్చీలోని ఆడమనిషి "ఏమైందండీ?" అంది. ఆవిడ ఏమీ కాలేదని చెప్పి ఆ జోడు మర్నాడు తీసుకోమంది. అలా చెప్పడం పద్దెనిమిదేళ్లలో మొదటిసారి.

ఆ ఆదివారం మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చింది. ఛాతీ మీద ఎవరో చెయ్యి పెట్టి నొక్కినట్టయింది. లేచి కూర్చుంటే తగ్గింది. ఇంకో దిండు వేసుకుని వాలింది. ఫరవాలేదు. ఆ రెండో దిండు చూడగానే ఒళ్లు చల్లబడింది. తల్లికి మొదట రెండు దిళ్లు, తర్వాత మూడు, ఆ తర్వాత కుర్చీ. అక్క తనని లోపలికి రానిచ్చిన రోజుల్లో చూసింది ఆ దిళ్లనే.

"రేపు నాతో రండి" అంది మొగుడితో.

"ఎక్కడికి?"

"గుండె డాక్టరు దగ్గరికి. పెద్దాసుపత్రికి మాత్రం కాదు."

ఊరికి ఆ చివర చిన్న గుండె క్లినిక్కు ఒకటుంది. డాక్టరు పెద్దాయన, పొడిపొడిగా మాట్లాడే మనిషి. ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టి, ఛాతీ మీద చల్లటి జెల్లు పూసి, స్కాన్ మిషను కొన ఆనించి కదిపాడు. తెర మీద ఒక నల్లటి సంచీ మూసుకుంటూ తెరుచుకుంటూ కనిపించింది.

"పంపు బాగుంది. కవాటాలు శుభ్రంగా ఉన్నాయి" అన్నాడు. కొన మరికొంచెం జరిపాడు. "గుండె చుట్టూ పొరలో కాస్త నీరు చేరింది. ఈ నల్లటి పట్టీ చూడండి."

"ఎంతుంది?"

"తక్కువే."

"ఎన్ని మిల్లీమీటర్లండీ?"

డాక్టరు ఆవిడ వంక ఒకసారి చూసి, తెర మీద గీత గీసి కొలిచాడు. "ఏడు. ఇప్పుడు ప్రాణానికేం లేదు. పెరిగితే గుండె నొక్కుకుపోతుంది. ఏం మందులు వాడుతున్నారు?"

ఆవిడ అంతా చెప్పింది. పావు ముక్క, ఫారంలో టిక్కు, పెద్ద మాత్రలో సగం. మొగుడు కుర్చీలో ముడుచుకుపోయి విన్నాడు. ఆయనకి సగం సంగతులు అప్పుడే తెలిశాయి.

"ఎవరు పెంచమన్నారు?"

"నేనే."

డాక్టరు తిట్టలేదు. తిడితే బాగుండేదనిపించింది ఆవిడకి. "మాత్ర ఈరోజే ఆపండి. నీరు దిగడానికి మందు రాస్తున్నాను. మీ అమ్మగారిది ఏ జబ్బు?"

"గుండె జబ్బు."

"గుండె జబ్బులు చాలా రకాలమ్మా. కండరానిదా, కవాటానిదా, రక్తనాళాలదా? కండరానిదైతే పిల్లలకీ రావచ్చు, మీకూ మీ అక్కగారికీ కూడా పరీక్షలు చేయాలి. ఆవిడ పాత కాగితాలు పట్టుకురండి."

ఆ కాగితాలు పైవాటాలో ఉన్నాయి.

మర్నాడు పొద్దున అద్దాలావిడ మెట్లెక్కింది. ఉన్న పదకొండు మెట్లకే మధ్యలో ఒకసారి ఆగి ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది. అక్క తలుపు తీసింది, లోపలికి రమ్మనలేదు. కళ్లు సరాసరి చెల్లెలి పాదాల మీదికి వెళ్లాయి.

"వాచాయి" అంది.

"అమ్మ ఫైలు కావాలి. డాక్టరు తెమ్మన్నారు."

"ఎందుకు?"

"గుండె చుట్టూ నీళ్లు చేరాయి. ఏడు మిల్లీమీటర్లు. చెప్పానుగా, ఇంక సంతోషించు. ఫైలివ్వు."

అక్క సంతోషించినట్టు కనిపించలేదు. గుమ్మం దగ్గర్నుంచి పక్కకి జరిగింది. లోపల తల్లి నిద్రపోయిన కుర్చీ అలాగే ఉంది. దాని మీద ఇస్త్రీ చేసిన యూనిఫారాలు దొంతరగా పెట్టి ఉన్నాయి. అక్క బీరువాలోంచి లావుపాటి ఫైలు తీసి బల్ల మీద పడేసింది. అద్దాలావిడ నిలబడే పేజీలు తిప్పింది. డాక్టర్ల రాత ఆమెకి అలవాటే, కళ్లడాక్టర్ల చీటీలు రోజూ చదువుతుంది. మూడో కాగితం మీద ఆగింది.

"కవాటం అని రాసుంది. చిన్నప్పుడు కీళ్లజ్వరం వచ్చి కవాటం దెబ్బతిందని. అంటే?"

అక్క బీరువాకి తాళం వేస్తోంది.

"నిన్నే. ఇది వంశంలో వచ్చేదా?"

"కాదు. ఆ జ్వరం వల్ల వచ్చేది."

"నీకు తెలుసా?"

"గుండె వార్డులో ఇరవై ఎనిమిదేళ్లు చేశాను. తెలియకుండా ఎలా ఉంటుంది?"

"మరి అదే రక్తం, అదే గతి అన్నావు మెట్ల మీద. డాక్టరు దగ్గరికెళ్లి కూడా అదే చెప్పావు."

"నువ్వు భయపడి మానేస్తావని చెప్పాను. ఆ మాత్ర మంచిది కాదని నాకు తెలుసు. మామూలుగా చెబితే నువ్వు వింటావా?"

"చచ్చిపోయిన అమ్మని తెచ్చి బెదిరించావు."

"బెదిరించాను. తప్పేముంది? నీళ్లు చేరాయా లేదా? నేను వెళ్లకపోతే ఇంకా మింగుతూనే ఉండేదానివి."

"నువ్వు వెళ్లకపోతే పావుతో ఆగేదాన్ని. ఐదు నెలలు నాకేం కాలేదు ఆ పావుతో. నీ మీద కసితో నాలుగింతలు మింగాను."

"ఆ కసి కూడా నా తప్పేనా?"

"సగం."

ఇద్దరూ బల్లకి అటొకరు ఇటొకరు నిలబడ్డారు. అద్దాలావిడకి గుండె గొంతులో కొట్టుకుంటోంది, మాత్ర వల్లో కోపం వల్లో తెలియలేదు. అడగాలని ఇంటి దగ్గర అనుకోని మాట ఒకటి నోట్లోంచి వచ్చేసింది.

"చివర్లో అమ్మ నన్ను అడిగిందా?"

అక్క యూనిఫారాల దొంతరని సరిచేసింది. అవి ముందే సరిగ్గా ఉన్నాయి. "అడిగేది. షాపు మూసే వేళయిందా అని రోజూ అడిగేది."

"నేనొస్తే నిద్రపోతోందని చెప్పేదానివి."

"ఒక్కోసారి నిజంగానే నిద్రపోయేది."

"ఒక్కోసారి."

"ఒక్కోసారి" అంది అక్క. "డ్యూటీ చేసుకుంటూ కూడా ఒళ్లు తుడిచి, మందులు వేసి, ఎత్తి కూర్చోబెట్టేది నేను. నువ్వు మెట్లెక్కి వచ్చిన చప్పుడుకి మాత్రం అమ్మ మొహం వెలిగేది. నాకు కడుపు మండేది. ఇప్పుడు తెలిసిందిగా, వెళ్లు."

అద్దాలావిడ ఫైలు చంకలో పెట్టుకుని బయటికొచ్చింది. మెట్ల మధ్యలో కూర్చుండిపోయింది. ఏడుపు వస్తుందేమో అనుకుంది, రాలేదు. పళ్లు నూరుకుంటూ పది నిమిషాలు కూర్చుంది. అక్క తలుపు వేయలేదు, అలాగని వచ్చి లేపనూ లేదు.

గుండె డాక్టరు కాగితాలు చూసి, వంశం వల్ల మీకేం భయం లేదన్నాడు. మందు పడ్డాక వారంలో వాపు దిగింది. ఉంగరం ఊడి వచ్చింది. ఆరు వారాలకి మళ్లీ స్కాన్ చేస్తే నల్లటి పట్టీ లేదు.

"పావు ముక్కతో మళ్లీ మొదలుపెడితే?" అని అడిగింది ఆవిడ, జెల్లు తుడుచుకుంటూ. పక్కనున్న మొగుడు నోరు తెరిచాడు.

"నీరు మళ్లీ రాకపోవచ్చు. రావచ్చు కూడా. ఒకసారి చేరిన గుండెకి ఇంకోసారి చేరదని ఎవరూ హామీ ఇవ్వరు. నేను వద్దంటాను" అన్నాడు డాక్టరు.

మిగిలిన మాత్రలు షాపులో స్క్రూల సొరుగులో ఉన్నాయి. వారం రోజులు వాటిని రోజూ తీసి చూసింది. ఈసారి వందమంది లెక్క పనికి రాలేదు. ఆ వందలో తను ఎక్కడుందో ఇప్పుడు తెలుసు. పాపిట పక్కన మొలిచిన జుట్టు వేలెడంత పెరిగి, నల్లగా, మెత్తగా ఉంది. రెండు నెలల్లో అదంతా రాలిపోతుందని కూడా తెలుసు. చావంటే అంత భయమేమీ వేయలేదు ఆవిడకి. కానీ తను పోతే పైవాటావిడ నలుగురిలో నిలబడి "నేను ముందే చెప్పాను" అంటుంది. ఆ మాట ఊహించుకుంటేనే ఒళ్లు మండిపోయింది. చచ్చి అక్కని గెలిపించడం ఇష్టం లేక మాత్రలు పట్టుకెళ్లి చర్మం డాక్టరమ్మ బల్ల మీద పెట్టేసింది. ఫారం అడిగి తీసుకుని, పాత టిక్కు కొట్టేసి, తల్లి జబ్బు పేరు అక్షరం పొల్లు పోకుండా రాసింది. డాక్టరమ్మ మళ్లీ నీళ్లమందే రాసింది. మాడు మళ్లీ దురదెత్తింది. ఈసారి కుర్చీలో మనిషుండగానే "ఒక్క నిమిషం ఆగండి" అని తల గోక్కుని, చేయి కడుక్కుని వచ్చి పని చూసుకుంది.

జుట్టు అనుకున్నట్టే రాలడం మొదలైంది. రెండో నెల దాటాక ఒక పొద్దున మెట్ల దగ్గర అక్క ఎదురైంది.

"నీళ్లు?" అంది.

"పోయాయి."

"జుట్టు?"

"అదీ పోతోంది."

అక్క ఆవిడ నెత్తి వైపు చూసి తల పంకించింది. అయ్యో అనలేదు. ఆ ఒక్క మాట అని ఉంటే చెల్లెలు క్షమించేది కాదు.

"ఫైలు ఎప్పుడిస్తావు?"

"ఇవ్వను."

"అది నా దగ్గర ఉండాల్సింది."

"నాలుగేళ్లు నీ దగ్గరే ఉంది. ఇప్పుడు నా దగ్గరుంటుంది. చూడాలనిపిస్తే కిందికి రా."

అక్క డ్యూటీ బ్యాగు సర్దుకుని గేటు వైపు నడిచింది. అద్దాలావిడ ఆమె వీధి మలుపు తిరిగేదాకా ఆగి, తర్వాత తనూ షాపుకి బయల్దేరింది.